నత్త రక్తానికి నార్మల్ రేంజ్ ఎంత?

మా మేనల్లుడు అనకాపల్లి నుంచి ఒక పట్టిక ఫోటో పంపాడు. నైజీరియాలో పెంపకపు నత్తలకు రకరకాల మేతలు పెట్టి, కొన్ని వారాల తర్వాత వాటి బరువు, గుల్ల పొడవు, వెడల్పు కొలిచి, ఆపైన రక్తం తీసి ప్రొటీను, గ్లూకోజు, సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం ఎంతెంత ఉన్నాయో వేసిన పట్టిక అది. ఫోటో కింద ఒకటే ప్రశ్న. "అత్తా, వీటిలో ఏ మేత తిన్నవి ఆరోగ్యంగా ఉన్నట్టు? నార్మల్ ఎంతో ఎక్కడా రాయలేదు."

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ విశాఖలో ఒక ఆసుపత్రి బయోకెమిస్ట్రీ విభాగంలోనే పనిచేశాను. రోగి చేతికి వెళ్లే రిపోర్టులో కుడి పక్కన చిన్న అక్షరాలతో ఒక వరస ఉంటుంది. సోడియం 135 నుంచి 145. కాల్షియం 8.5 నుంచి 10.5. పరగడుపు గ్లూకోజు 70 నుంచి 100. జనం మొదట చూసేది తమ అంకెను కాదు, ఆ వరసనే. సోడియం 120కి దిగిందంటే రిపోర్టు అచ్చయ్యే దాకా ఆగం, ముందు వార్డుకు ఫోను చేస్తాం. మనిషి శరీరం ఆ గీతల మధ్య ఉండటానికి రాత్రింబగళ్లు మూత్రపిండాలతో, హార్మోన్లతో కష్టపడుతూనే ఉంటుంది. అందుకే వాడి ప్రశ్న నాకు సబబుగా తోచింది. జవాబు మాత్రం ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను. నత్తల పెంపకం వీడియోలు చూసి ఉత్సాహపడుతున్న మిగతా పిల్లలకు కూడా ఉపయోగపడవచ్చు.

ముందు పెరుగుదల సంగతి. నేనుండేది అడవివరంలో, సింహాచలం కొండ కింద. తొలకరి పడగానే మా ప్రహరీ గోడ మీద నత్తలు ప్రత్యక్షమవుతాయి. వరిచేల గట్ల మీద మనం చిన్నప్పటి నుంచి చూసే గుండ్రటి నత్తగుల్లలు వేరు. ఇవి అరచేతి పొడవున, కోసుగా, గోధుమ రంగు మీద ముదురు చారలతో ఉంటాయి. ఆఫ్రికా రాక్షస నత్త అంటారు. ఇప్పటి శాస్త్రీయ నామం లిస్సకటినా ఫ్యూలికా, పాత పుస్తకాల్లో అకటినా ఫ్యూలికా అని ఉంటుంది. పగలంతా అరటి మొదళ్లలో, ఎండుటాకుల కింద నక్కి ఉండి, చీకటి పడ్డాక బయలుదేరతాయి. బంతి నారు, తోటకూర, లేత బొప్పాయి మొక్కలు, దేన్నీ వదలవు. కడుపు నిండాక మళ్లీ గోడ ఎక్కుతాయి. ఆ గోడ మీద వాటికి ఏం పని అని మా వీధిలో చాలా మంది అడిగారు. మా ప్రహరీకి ఇప్పటికీ సున్నమే కొట్టిస్తాం. నత్తలు వచ్చేది ఆ సున్నం కోసం.

టార్చి లైటు వేసి దగ్గరగా చూడండి. నత్త నోట్లో రాడ్యులా అని ఒక పట్టీ ఉంటుంది. దాని మీద వరసలు వరసలుగా, వేల కొద్దీ సన్నటి పళ్లు. దానితో సున్నాన్ని గీకి మింగుతుంది. తెల్లారేసరికి గోడ మీద ఆ గీకిన జాడలు మెలికలు మెలికలుగా కనిపిస్తాయి. మా వైపు నేలంతా ఎర్రమట్టి. తరతరాల వానలకు సున్నం కడిగిపోయిన నేల. నత్త గుల్లలో నూటికి 95 పాళ్లకు పైగా కాల్షియం కార్బొనేటే. అంత కాల్షియం బంతి ఆకుల్లోంచి దొరకదు గనుక గోడలో ఉన్నదాన్ని వెతుక్కుంటూ వస్తుంది.

ఈ సున్నం ఆకలి పుట్టుకతోనే మొదలవుతుంది. ఫ్యూలికా నత్త ఒక్కో విడత 100 నుంచి 400 దాకా గుడ్లు మట్టిలో పెడుతుంది. లేత పసుపు రంగులో, జొన్నగింజ కంటే కాస్త పెద్దగా ఉంటాయి. గుడ్డు పెంకు కూడా కాల్షియం కార్బొనేటే. పిల్ల బయటికి వచ్చాక మొట్టమొదట తినేది తన గుడ్డు పెంకునే. మట్టిలోంచి పైకి వచ్చి ఆకు ముట్టేది ఆ తర్వాతే. అక్కడి నుంచి ఎదుగుదల చాలా వేగం. మేత, తడి, సున్నం మూడూ దొరికితే ఆరు నెలలకల్లా గుడ్లు పెట్టే ఈడుకు వస్తుంది. ఈ జాతిలో ప్రతి నత్తకూ ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి గనుక జత కట్టిన రెండూ గుడ్లు పెట్టగలవు.

గుల్ల ఎలా పెరుగుతుందో పెంపకం పెట్టాలనుకునేవారు తప్పక గమనించాలి. గుల్ల లోపలి అంచుకు ఆనుకుని ప్రావారం అనే మెత్తటి పొర ఉంటుంది. అది ముందుగా ప్రొటీను పొర ఒకటి పోసి, దానికి అడుగున కాల్షియం కార్బొనేటు స్ఫటికాలను పేరుస్తుంది. కాబట్టి గుల్ల పెరిగేది నోటి అంచు దగ్గరే. వానలు బాగా పడ్డ వారంలో పోసిన కొత్త అంచు పసిపిల్ల గోరులా పలచగా ఉండి, వేలితో నొక్కితే వంగుతుంది. వాన ఆగి నేల ఎండితే పని ఆగిపోతుంది, ఆగిన చోట గుల్ల మీద గీత పడుతుంది. బాగా ఎదిగిన నత్తకు అంచు మందంగా, గట్టిగా ఉంటుంది. మా మేనల్లుడికి నేను చెప్పిన మొదటి మాట ఇదే. త్రాసు తీసే ముందు అంచు మీద వేలు పెట్టి చూడు. పలచటి కొత్త అంచు ఉంటే అది ఇప్పుడు పెరుగుతున్న నత్త. లేకపోతే బరువు ఎంత చూపించినా అది నిలిచిపోయిన నత్తే.

ఎందుకంటే నత్త బరువు నమ్మదగినది కాదు. వాన రాత్రి తూస్తే ఒక బరువు, అదే నత్తను నాలుగు రోజులు పొడి బుట్టలో ఉంచి తూస్తే ఇంకో బరువు. నోటితో తాగడమే కాకుండా చర్మం గుండా కూడా నీరు పీల్చుకుంటుంది. జిగురు పోస్తూ నడిచిన మేరా నీరు పోగొట్టుకుంటుంది. ఒంటి నీటిలో పెద్ద వంతు పోయినా బతికి, తడి తగలగానే తేరుకుంటుంది. ఒక మేత తిన్న గుంపును తడి మట్టి మీద ఉన్నప్పుడు, మరో గుంపును మట్టి ఆరాక తూస్తే, ఆ తేడా మేతదో నీటిదో చెప్పగలవాళ్లు ఎవరూ లేరు.

గుంపు మాట వచ్చింది గనుక ఇరుకు సంగతి కూడా చెప్పాలి. నత్తలను ఒకచోట కిక్కిరిసి ఉంచితే మట్టి మీద జిగురు, పెంట పేరుకుపోతాయి. అప్పుడు మేత ఎంత పెట్టినా ఎదుగుదల మందగిస్తుంది, గుడ్లు తగ్గుతాయి. పశ్చిమ ఆఫ్రికా రైతులు మట్టిని తరచూ తిరగవేసేదీ, మార్చేదీ ఇందుకే.

ఇక రక్తం. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టండి.

నత్తది మూసిన గొట్టాల్లో తిరిగే రక్తం కాదు. గుండె ఉంది, కొన్ని నాళాలు ఉన్నాయి. ఆ తర్వాత రక్తం అవయవాల చుట్టూ ఉన్న ఖాళీల్లోకి తెరుచుకుని, వాటిని తడుపుకుంటూ మళ్లీ గుండెకు చేరుతుంది. అందుకే దాన్ని హీమోలింఫ్ అంటారు. ఇది ఆహారాన్నీ ఆక్సిజన్‌నూ మోయడంతో పాటు ఎముక పని కూడా చేస్తుంది. లోపలికి ముడుచుకున్న నత్త మళ్లీ తల, కొమ్ములు బయటికి చాచేది కండరాలు ఈ ద్రవాన్ని ముందుకు నెడితేనే. ఎండిపోయిన నత్త కొమ్ములు సరిగ్గా చాచలేకపోవడానికి కారణం కూడా ఇదే.

పదవీ విరమణ తర్వాత ఒక వానాకాలంలో, చేతులకు రెండు జతల గ్లోవ్స్ వేసుకుని, పెద్ద నత్త ఒకదాని నుంచి ఇన్సులిన్ సిరంజితో కొద్దిగా హీమోలింఫ్ తీశాను. ఎందుకు అంత జాగ్రత్తో కింద చెబుతాను, దయచేసి ఇంట్లో ఎవరూ ప్రయత్నించవద్దు. గాజు గొట్టంలో పడినప్పుడు దాదాపు రంగు లేదు. గొట్టాన్ని మెల్లగా వంచుతూ గాలి తగలనిచ్చాను. నీలం ఎక్కడం మొదలైంది. పలచటి నీలం, ఆ తర్వాత ఇంకాస్త చిక్కటి నీలం. ఎన్ని వేల గొట్టాల ఎర్ర రక్తం చూసిన కళ్లో ఇవి. ఆ నీలం చూసి అలాగే కూర్చుండిపోయాను.

ఆ రంగుకు కారణం రాగి. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఇనుము ఉన్న హిమోగ్లోబిన్. నత్త రక్తంలో ఆ పని చేసేది హీమోసయనిన్. అందులో రెండేసి రాగి పరమాణువులు ఒక ఆక్సిజన్ అణువును మధ్యలో పట్టుకుంటాయి. పట్టుకున్నప్పుడు నీలం, వదిలేస్తే రంగు ఉండదు. ఇంకో తేడా గొట్టాన్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో పెడితే తెలుస్తుంది. మన రక్తం తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగి, పైన లేత పసుపు ప్లాస్మా తేలుతుంది. నత్తది తిప్పితే అడుగున రక్షణ కణాల చిన్న తెల్లటి మడ్డి మాత్రమే, నీలం మొత్తం పైన ద్రవంలోనే ఉండిపోతుంది. హీమోసయనిన్ ఏ కణంలోనూ లేదు, నేరుగా ద్రవంలోనే కరిగి ఉంది.

అది కణాల సంచీ లేకుండా ఎలా ఇమిడింది అంటే, ఒక్కో అణువు మహా పెద్దది. మన హిమోగ్లోబిన్ అణుభారం 64 వేల పైచిలుకు. నత్త హీమోసయనిన్‌ది 80 లక్షల ప్రాంతం. ఇంత ప్రొటీనునూ చిన్న చిన్న అణువులుగా కరిగిస్తే అవి ద్రవంలోకి నీటిని విపరీతంగా లాగేవి. కొద్ది సంఖ్యలో పెద్ద అణువులుగా ఉంటే ఆ ఇబ్బంది తక్కువ. స్వీడన్‌లో ఉప్సాలా శాస్త్రవేత్త థియోడోర్ స్వెడ్‌బెర్గ్ 1920ల్లో అతివేగ సెంట్రిఫ్యూజ్ తయారు చేసుకుని కొలిచిన ప్రొటీన్లలో యూరప్‌లోని ఒక నత్త హీమోసయనిన్ కూడా ఉంది. ప్రొటీన్లు ఏవో జిగట ముద్దలు కావనీ, కచ్చితమైన పరిమాణం ఉన్న అణువులనీ శాస్త్రలోకం ఒప్పుకోవడానికి ఆ కొలతలు ఎంతో తోడ్పడ్డాయి. 1926లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నత్త రక్తాన్ని తక్కువగా చూసేవాళ్లకు నేను ఈ కథ తప్పకుండా చెబుతాను.

ఇక్కడ ప్రయోగశాలలో పనిచేసేవారికి ఒక హెచ్చరిక. మొత్తం ప్రొటీను కొలవడానికి మనం వాడే బైయూరెట్ ద్రావణంలో ఉన్నది రాగి లవణమైన మైలుతుత్తమే. క్షారంలో రాగి ప్రొటీనుతో కలిసి ఊదారంగు ఇస్తుంది, ఆ రంగు గాఢతను 540 నానోమీటర్ల దగ్గర చదువుతాం. నత్త నమూనా తనంతట తానే నీలంగా ఉంటుంది గనుక, కారకం కలపని నమూనా రంగును ముందుగా విడిగా చదివి తీసివేయాలి. మనుషుల సీరం కోసం అమర్చిన యంత్రంలో నత్త నమూనా పోసి, వచ్చిన అంకెను అలాగే రాసుకుంటే అది నమ్మే అంకె కాదు. ప్రొటీను ఎంత ఉన్నా అందులో సింహభాగం హీమోసయనినే అని కూడా గుర్తుంచుకోవాలి. మన రిపోర్టులో అల్బుమిన్, గ్లోబ్యులిన్ అని విడదీసి చదివే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు మా వాడి ప్రశ్నకు వస్తాను. అకటినా నాడీకణాల మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఆ కణాలను బతికించడానికి నత్త రక్తాన్ని పోలిన ఉప్పునీరు కలుపుకుంటారు. అందులో సోడియం మన రక్తంలో ఉన్నదానిలో సగం కంటే తక్కువ. కాల్షియం మాత్రం మన రక్తంలో కంటే నాలుగు రెట్లు. మెగ్నీషియం మన రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మనిషికి ఇలాంటి రిపోర్టు వస్తే ప్రాణం మీద ఆశ వదులుకోవాలి. నత్తకు ఇది సుఖంగా, తడిగా, కడుపు నిండి ఉన్న రోజు. అయితే ఆ రోజు అనే మాట చాలా ముఖ్యం. మర్నాటికి అది మారుతుంది.

మే నెలలో మా పెరట్లో అరటి మొదలు తవ్వితే నత్తలు గుల్ల నోటికి పొర బిగించుకుని కనిపిస్తాయి. గ్రీష్మ నిద్ర. అలా నెలల తరబడి ఉండగలవు. ఆ నిద్రలో నీరు మెల్లగా తగ్గిపోతూ రక్తం చిక్కబడుతుంది. సోడియం పెరిగినట్టు కనిపిస్తుంది, ప్రొటీను పెరిగినట్టు కనిపిస్తుంది. నత్త తిన్నదేమీ లేదు, తగ్గింది నీరే. వృథా నత్రజనిని నీళ్లతో కడిగేసే స్తోమత లేదు గనుక యూరిక్ ఆమ్లం వంటి, నీటిలో దాదాపు కరగని పదార్థాలుగా మార్చి మూత్రపిండంలో దాచుకుంటుంది. మనకు యూరిక్ ఆమ్లం పెరిగితే కీళ్లవాతం, నత్తకు అది ఎండాకాలం గట్టెక్కే ఏర్పాటు.

కాల్షియం కథ ఇంకా విచిత్రం. నిద్రలో ఉన్న నత్త నీరు ఆవిరైపోకుండా ఊపిరి రంధ్రాన్ని చాలాసేపు మూసే ఉంచుతుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని రక్తం ఆమ్లత వైపు జరుగుతుంది. దాన్ని సర్దడానికి తన ఒంట్లో, గుల్లలో దాచుకున్న కాల్షియం కార్బొనేటును కరిగించుకుంటుంది. ఆమ్లం తగ్గుతుంది, రక్తంలో కాల్షియం పెరుగుతుంది. అంటే పట్టికలో కాల్షియం ఎక్కువగా ఉన్న గుంపును చూసి రెండు కథలు చెప్పవచ్చు. సున్నం పుష్కలంగా ఉన్న మేత తిని, గుల్ల కట్టుకుంటున్న నత్తలు అనుకోవచ్చు. మేత నచ్చకో, మట్టి ఎండిపోయో మూతి బిగించుకుని, తన గుల్లనే తాను కరిగించుకుంటున్న నత్తలు అని కూడా అనుకోవచ్చు. ఒకటి కట్టుకోవడం, ఇంకొకటి కూలగొట్టుకోవడం. అంకె మాత్రం ఒకే వైపు కదులుతుంది.

అందుకే నత్త రక్తానికి నార్మల్ రేంజ్ వేయలేదని ఆ పట్టిక రాసినవారిని తప్పుపట్టలేం. మన రక్తం ఒక గీత మీద నిలబడుతుంది, వాతావరణం మారినా పెద్దగా కదలదు. నత్త రక్తం వానతో, మేతతో, కాలంతో కదులుతుంది, అలా కదలగలగడమే దాని ఆరోగ్యం. అంకె పక్కన ఆ నత్త మెలకువగా ఉందా, పొర వేసుకుందా, ఏ పూట మేత తిన్నది, మట్టి తడిగా ఉందా, గుల్ల అంచు పలచగా ఉందా, గుడ్లు పెట్టే దశలో ఉందా అనేవి రాసి ఉంటేనే ఆ అంకెకు అర్థం. గ్లూకోజు కూడా అంతే. గుడ్ల కాలంలో నత్త తన చక్కెరలను అల్బుమిన్ గ్రంథిలో గాలక్టోజెన్ అనే ప్రత్యేక పిండిగా మార్చి పిల్లల కోసం దాస్తుంది. అప్పుడు రక్తంలో గ్లూకోజు చూసి మేత మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం తొందరపాటు. ఏఎల్‌టీ, ఏఎస్‌టీ ఎంజైములు కొలిచిన పట్టికలు కూడా ఉన్నాయి. మనకు అవి కాలేయం దెబ్బతిన్న జాడ. నత్తకు కాలేయం, క్లోమం కలిసిన ఒకే జీర్ణగ్రంథి ఉంది. కొత్త రకం మేత దానికి పడలేదా అని అనుమానించడానికి అవి పనికొస్తాయి, అది కూడా అదే రోజు తీసిన పాత మేత గుంపుతో పోల్చినప్పుడే.

ఇదంతా వివరంగా చెప్పాక మా వాడు అసలు సంగతి బయటపెట్టాడు. చెరకు తీసేసిన చేలో ఒక మూల షెడ్డు వేసి నత్తలు పెంచుతాడట. మేత ఖర్చు లేదు, జబ్బులు తక్కువ, పిల్లలు వందల్లో. వాడు చెప్పినవన్నీ నిజమే. నాకు భయం కలిగించినవీ అవే.

పశ్చిమ ఆఫ్రికాలో నత్తల పెంపకం ఎంతో గౌరవమైన పని. ఘనా, నైజీరియాల్లో నత్త మాంసం ఇష్టంగా తింటారు. వాళ్లు ఎక్కువగా కోరుకునేవి అకటినా అకటినా, ఆర్కకటినా మార్జినాటా అనే జాతులు. మార్జినాటా ఒక విడతకు పెట్టేది కొద్ది గుడ్లే, కానీ పెద్దవి. అవి ఆ అడవుల్లో పుట్టినవి, అక్కడి పక్షులకూ పురుగులకూ జబ్బులకూ లోబడి బతికేవి. అక్కడి అడవుల్లో నత్తలు తగ్గిపోతుంటే పెంపకం వాటి మీద ఒత్తిడి తగ్గిస్తుంది కూడా. ఇక్కడ ఆ లెక్క కుదరదు. నత్తకు కావలసింది 23 నుంచి 32 డిగ్రీల వేడి, 75 శాతానికి పైన గాలిలో తేమ. విశాఖలో జూన్ నుంచి అక్టోబరు దాకా అది షెడ్డు అవసరం లేకుండా ఆరుబయటే దొరుకుతుంది. బుట్టలోంచి జారిన ఒక్క నత్త చాలు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. ఈ జాతి మన దేశంలోకి వచ్చింది అలాగే. 1847లో విలియం బెన్సన్ అనే నత్తల శాస్త్రవేత్త మారిషస్ నుంచి తెచ్చిన వాటిని కలకత్తాలోని ఒక తోటలో వదిలాడు. అక్కడి నుంచి తూర్పు తీరం పట్టుకుని, నర్సరీ మట్టిలో, కలప లారీల్లో, కాయగూరల బుట్టల్లో ఊరూరా పాకాయి. 1966లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఉన్న మయామీకి ఒక పిల్లవాడు హవాయి నుంచి 3 నత్తలు తెచ్చుకుంటే, వాళ్ల నాయనమ్మ వాటిని తోటలో వదిలేసింది. ఏడేళ్ల తర్వాత 18 వేలకు పైగా నత్తలు దొరికాయి. నిర్మూలించడానికి 10 లక్షల డాలర్ల దాకా ఖర్చయింది, 1975 దాకా పట్టింది. 2011లో మళ్లీ కనిపించాయి, మళ్లీ పదేళ్ల పోరాటం. ఫ్లోరిడాకు ఉన్న డబ్బు, సిబ్బంది మన పంచాయతీలకు ఎక్కడ?

రోగం సంగతి ఇంకా ముఖ్యం. గ్లోవ్స్ గురించి పైన చెప్పింది ఇందుకే. ఎలుకల ఊపిరితిత్తుల దగ్గరి రక్తనాళాల్లో బతికే ఆంజియోస్ట్రాంగిలస్ కాంటొనెన్సిస్ అనే పురుగు ఉంది. ఎలుక పెంటలో దాని పిల్లలు వస్తాయి, ఆ పెంట తిన్న నత్త ఒంట్లో పెరుగుతాయి. పచ్చిగా, సగం ఉడికించి నత్తను తిన్నా, చిన్న నత్త చిక్కుకున్న ఆకుకూర కడగకుండా తిన్నా, అవి మనిషి మెదడు పొరల దాకా వెళతాయి. ఆ పొరలకు వాపు వస్తుంది, వెన్నెముక నీటిలో ఇసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు పెరుగుతాయి. కేరళలో పిల్లల్లో ఇలాంటి కేసులు నమోదయ్యాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఈ నత్తలను ఆటవస్తువులుగా ఇవ్వడం చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది.

"మరి నత్తలు తినేవాళ్లు మన వైపు లేరా అత్తా?" అని అడిగాడు. ఉన్నారు. చెరువుల్లో, వరిచేలలో దొరికే పైలా నత్తలను బాగా ఉడికించి, గుల్ల తీసి, కూర వండుకునే ఇళ్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. అది మన నీళ్లలో పుట్టిన జాతి. డిగ్రీలో జంతుశాస్త్రం చదివిన ప్రతి ఒక్కరూ పైలా గ్లోబోసా బొమ్మ వేసినవాళ్లే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో దాని గ్రీష్మ నిద్ర మీద, నిద్రలో శరీర రసాయనాలు ఎలా మారతాయన్న దాని మీద లోతైన పరిశోధన జరిగింది. నత్త మీద నీకు అంత ఆసక్తి ఉంటే చదవడానికి మన దగ్గరే కావలసినంత ఉంది, పెంచాలనుకున్నా ముందు ఆలోచించవలసింది మన జాతి గురించే అన్నాను. ఆఫ్రికా నత్తకు షెడ్డు కట్టే మాట మాత్రం మళ్లీ ఎత్తవద్దని గట్టిగా చెప్పాను. అన్నయ్య కూడా అదే మాట అన్నాడు.

వాడు వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. తర్వాత ఫోను చేసి, అన్నయ్య కూరగాయల మడుల్లో ఎలాగూ నత్తలు పడుతున్నాయి కదా, ఏరి పారేసే ముందు కొలిచి రాసుకోనా అని అడిగాడు. నాకు చాలా సంతోషం వేసింది. ఇప్పుడు వాడి నోటుపుస్తకంలో గుల్ల పొడవు, బరువు పక్కన వాన పడిన తేదీ, మట్టి తడి, గుల్ల అంచు పలచనా మందమా, మూతికి పొర ఉందా లేదా అని వరసలున్నాయి. రక్తం తీసే పని వద్దన్నాను. ఆ వరసలతోనే ఎదుగుదల గురించి చాలా తెలుస్తుంది.

ఏరే పద్ధతి కూడా చెబుతాను, మీ తోటల్లో పనికొస్తుంది. సాయంత్రం గోనె సంచి తడిపి, అందులో బొప్పాయి ఆకులు, క్యాబేజీ పైరేకులు వేసి మడి పక్కన పరవండి. పొద్దున్నే సంచి కింద నత్తలు చేరి ఉంటాయి. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. చిక్కటి ఉప్పునీటి బకెట్‌లో వేస్తే చనిపోతాయి. ఉప్పు మాత్రం నేరుగా మడి మీద చల్లకండి, నేల పాడవుతుంది. పొగాకు కషాయంలో మైలుతుత్తం కలిపి చల్లే పద్ధతి కేరళలో వాడుతున్నారు, బాగా పనిచేస్తుంది. రక్తంలో రాగి లేకుండా బతకలేని జీవి రాగి ద్రావణం తగిలితే తట్టుకోలేదు. కానీ రాగి మట్టిలో పేరుకుంటుంది, వానపాములకూ చేపలకూ హాని. చెరువు పక్కన, ఆకుకూరల మీద వాడకండి. నత్తలు ఎక్కువగా ఉన్న గట్టు మీద, అది కూడా వ్యవసాయ అధికారిని అడిగి, వాడుకోండి. గుడ్ల కుప్పలు మట్టిలో వేలెడు లోతునే ఉంటాయి, పారతో తిరగవేసి అవి కూడా ఉప్పునీటిలో వేయాలి. ఆ పని మానేస్తే పెద్దవాటిని ఏరి లాభం లేదు.

చచ్చినవాటిని అలాగే చెత్తకుప్ప మీద పారేయవద్దు. ఎలుకలు తింటే పైన చెప్పిన పురుగు మళ్లీ తిరుగుతుంది. ఖాళీ గుల్లల్లో వాననీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. మోకాలి లోతు గుంట తీసి, గుల్లలను గడ్డపారతో నలగ్గొట్టి, మట్టి కప్పేయండి. ఆకుకూరలను ఆకు ఆకుగా విడదీసి, పారే నీటి కింద కడిగి, ఉడికించి తినండి. వానాకాలం నాలుగు నెలలూ పచ్చి ఆకులతో చేసే పచ్చళ్లు, సలాడ్లు మానేయడమే మంచిది. నత్తలు మీ వీధిలో ఇప్పటికే ఉంటే, ఏ నెలలో ఎక్కువగా కనిపిస్తున్నాయో, గుల్ల అంచు ఎలా ఉందో నాకు రాసి పంపండి, మా వాడి పుస్తకంలో చేర్పిస్తాను.